"షుగర్‌కు చెక్" అని రాసింది నేనే

మా వంటింట్లో కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు అన్నీ "షుగర్‌కు చెక్!" అని పచ్చ అక్షరాలతో రాసి ఉన్న కవర్లలోనే ఉంటాయి. చూసినవాళ్లు నవ్వుతారు. వెయ్యి కవర్లు వేయించాను, ఒక్కోటి మూడున్నర రూపాయలు. వాటిలో మునగాకు పొడి పోసి అమ్మింది రెండు వందల లోపే. మిగతావి పారేయడానికి మనసు రాక ఇట్లా వాడుకుంటున్నా.

మాది కందుకూరు పక్కన పల్లె. కరోనాలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడింది. మళ్లీ తెరిచినా జీతం సగమే అన్నారు, మానేశాను. మా పొలం గట్టున పదమూడు మునగ చెట్లు ఉన్నాయి. కాయ అమ్ముకుంటే వచ్చేది అంతంతమాత్రం. ఆషాఢంలో మునగాకు తినాలని మా వైపు అందరూ అంటారు కదా, ఆ నెలలో తప్ప ఆకు ముట్టేవాళ్లు లేరు. ఆకు ఎండబెట్టి పొడి కొట్టి అమ్మితే బాగా పోతుందని వాట్సాప్‌లో ఎవరో పెట్టిన వీడియో చూశాను. 2022 వానాకాలం అయిపోగానే మొదలుపెట్టాను.

కవరు మీద ఏం రాయాలో కూడా వాట్సాప్‌లోనే దొరికింది. "నారింజ కంటే ఏడు రెట్లు విటమిన్ సి". "మూడు వందల జబ్బులకు మందు". "డాక్టర్లు సైతం మెచ్చినది". "సైడ్ ఎఫెక్ట్స్ లేవు, నూరు శాతం నేచురల్". వీటన్నిటికీ కింద నా సొంత తెలివితో ఒక లైను రాశాను: "రోజూ ఒక స్పూను, షుగర్ మాత్రలకు సెలవు". బడిలో పిల్లలకు స్లోగన్లు రాయించిన అలవాటు.

డిజైన్ చేసింది ఫ్లెక్సీలు కొట్టే కుర్రాడు. ప్రూఫ్ చూపించినప్పుడు కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) గుర్తు, పక్కనే పద్నాలుగు అంకెల నంబరు కనపడ్డాయి. "ఇది ఎవరిది బాబూ, నేను ఇవ్వలేదే" అన్నాను. "పచ్చళ్లవాళ్ల ఫైల్లోది మేడం, అందరికీ అదే వేస్తాం, ఉంటే బాగుంటుంది" అన్నాడు. నిజమే, బాగానే ఉంది. ఒప్పుకున్నా. ఇంకో సంగతి, అడ్రసులో ప్రకాశం జిల్లా అని వేశాడు. అప్పటికే 2022 ఏప్రిల్‌లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపేశారు. అంటే ఆ కవరు మీద నా పేరు, ఊరి పేరు, మునగాకు పొడి అన్న మాట, ఇవి మూడే నిజం.

మొదట కొన్నవాళ్లలో మా పెదనాయన ఒకడు. డెబ్బై ఏళ్లు దాటాయి, పన్నెండేళ్లుగా షుగర్. తమ్ముడి కూతురు చేసిన పొడి అని నాలుగు ప్యాకెట్లు తీసుకున్నాడు. చెట్టు మందంటే ఆయనకు ముందునుంచీ నమ్మకం. 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం జనం బారులు తీరినప్పుడు ముత్తుకూరు దాకా పోయి ఎండలో నిలబడి వచ్చిన మనిషి. ఆ మందు మీద ఆయుష్ (ఆయుర్వేదం లాంటి దేశీ వైద్యాలు చూసే ప్రభుత్వ శాఖ) వాళ్లు పరీక్షలనీ, కమిటీలనీ తేల్చి మే 31న ప్రభుత్వం పంపిణీకి ఒప్పుకుంది, కంటి చుక్కలకు మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు. "చూశావా, ఆకు పసరుకు కూడా గవర్నమెంటు ఒప్పుకోక తప్పలేదు" అనేవాడు పెదనాయన. కంటి చుక్కల సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది. పెదనాయన కాలికి ముల్లు గుచ్చుకుని పుండైందట, మానడం లేదట, మనిషి నీరసంగా పడి ఉన్నాడట. కందుకూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. షుగర్ నాలుగు వందల ముప్పై. మాత్రలు ఏం వాడుతున్నావని డాక్టరు అడిగితే పెదనాయన నా వైపు చూశాడు. నెలన్నర నుంచి మాత్రలు వేసుకోవడం లేదు. "కవరు మీద రాసుంది కదమ్మాయ్, సెలవు అని. నువ్వు రాస్తే ఉత్తదే అవుతుందా?"

పెద్దమ్మ సంచిలోంచి నా ప్యాకెట్ తీసి టేబుల్ మీద పెట్టింది. డాక్టరు అటూ ఇటూ తిప్పి చదివాడు. కోప్పడతాడనుకున్నా. కోప్పడలేదు. "ఏమ్మా, మీరే చేస్తారా? ఆకు మంచిదే, కూరలో వేసుకోమనండి. మునగాకు షుగర్‌ను కొంచెం తగ్గిస్తుందని చిన్న చిన్న స్టడీలు ఉన్నాయి, కాదనను. కానీ మాత్ర మానేయమని ఏ స్టడీ చెప్పింది?" అన్నాడు. ఇన్సులిన్ రాసి, పుండు కడిగించి, మళ్లీ నా వైపు తిరిగాడు. "గుండెకు వాల్వ్ ఆపరేషన్ అయ్యి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఉంటారు. ఈ ఆకులో విటమిన్ కె ఎక్కువ. ఉన్నట్టుండి రోజూ స్పూన్లకు స్పూన్లు తింటే ఆ మాత్ర పనితనం తగ్గిపోతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు పొటాషియంతో ఇబ్బంది. కనిగిరి వైపు కిడ్నీ కేసులు ఎన్నో మీకు తెలుసు కదా. సైడ్ ఎఫెక్ట్స్ లేవని ఎట్లా రాశారు?"

నా దగ్గర జవాబు లేదు. పెదనాయన పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. కాలు దక్కింది.

అమ్మడం ఆపేశాను. మా ఆయన మాత్రం "రాతలు మార్చి సరిగ్గా చెయ్యి, చెట్లు ఎక్కడికీ పోవు కదా" అన్నాడు. సరిగ్గా అంటే ఎట్లాగో తెలుసుకోవడానికి 2023 మార్చిలో పొద్దున్నే బస్సెక్కి కావలి మీదుగా నెల్లూరు పోయాను. ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో ఒక మేడం ఖాళీగా దొరికారు. నేనే చేశానని చెప్పకుండా, మా బంధువులు ఇట్లా అమ్ముతున్నారని కవరు తీసి చూపించాను. ఆమె కవరు మీద పేరు చదివి, "మీ పేరేంటమ్మా?" అని అడిగారు. అక్కడితో నా నాటకం అయిపోయింది.

ఆమె చెప్పింది నేను మూడుసార్లు అడిగి రాసుకున్నాను, ఎందుకంటే మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు. ఒకే ఆకు, ఒకే పొడి. కూరాకు పొడిలాగా ఆహారమని అమ్మితే ఒక దారి. అదే పొడిని క్యాప్సూల్లో పోసి రోజుకు రెండు అని రాస్తే అది హెల్త్ సప్లిమెంట్, దానికి నిబంధనలు వేరే ఉన్నాయి. అదే పొడి షుగర్ తగ్గిస్తుందని రాస్తే మందు, దానికి ఆయుష్ వాళ్ల తయారీ లైసెన్స్ కావాలి. ఆ లైసెన్స్ అంటే షెడ్యూల్ టి (ఆయుర్వేద మందుల తయారీ నిబంధనలు) ప్రకారం షెడ్డు, ఆయుర్వేదం చదివిన మనిషి, బ్యాచ్ రికార్డులు.

"పోనీ మేడం, ఆ లైసెన్సే తెచ్చుకుంటే షుగర్ అని రాసుకోవచ్చా?" అన్నాను, ఆశ చావక.

"అప్పుడు కూడా రాయకూడదు. 1954 చట్టం ఒకటుంది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ అని. ఏయే జబ్బులు తగ్గిస్తామని ప్రకటించకూడదో దాంట్లో పట్టికే ఉంది, డయాబెటిస్ అందులో ఉంది. ప్రకటన అంటే పేపర్లో వేసేది ఒక్కటే కాదు, లేబుల్ కూడా ప్రకటనే అని చట్టంలోనే రాశారు."

తర్వాత నా కవరును లైను లైనుగా చదివారు. జబ్బు నయం చేస్తుందని ఆహారం మీద రాయకూడదు, తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. "డాక్టర్లు మెచ్చినది" కూడా కుదరదు. 2018 క్లెయిమ్స్ నిబంధనల్లో డాక్టర్లు సిఫార్సు చేశారన్న మాటకు చోటు లేదు. విటమిన్ సి దగ్గర ఆమె నవ్వారు. ఆ ఏడు రెట్లు అనేది ఎక్కడైనా నిజమైతే పచ్చి ఆకుకే గానీ ఎండబెట్టి పొడి కొట్టాక విటమిన్ సి చాలా మటుకు పోతుందట. ఇంటర్‌లో సైన్సు చదివినదాన్నే, నాకు ఆ ఆలోచనే రాలేదు.

వేరేవాళ్ల నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎన్ని ప్యాకెట్లు బయట ఉన్నాయి?" అన్నారు. గుర్తున్న ప్రతివాళ్లకూ ఫోన్ చేసి వెనక్కి తీసుకుంటానని చెప్పాను. తీసుకున్నాను కూడా, ముప్పై ఆరు ప్యాకెట్లు తిరిగొచ్చాయి. కొందరు ఇవ్వలేదు, "బాగానే పని చేస్తోంది మా" అన్నారు. మాత్రలు మానొద్దని వాళ్లను ఒప్పించడానికి ఒక్కొక్కరికి పావుగంట పట్టింది. ఈ మొత్తంలో నాకు బాగా కష్టమనిపించిన పని ఇదే, కాగితాల పని కాదు.

ఇక రిజిస్ట్రేషన్. ఇది తేలిక. 2023లో ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్మేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలన్నారు, అప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఫాస్కాస్ అనే వెబ్‌సైట్‌లో ఆధార్, ఫోటో, అడ్రసు ప్రూఫ్ పెట్టాలి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి వెయ్యి రూపాయలు అడిగాడు, నేను ఫోన్లోనే కూర్చుని చేసుకున్నా. వారంలోపే సర్టిఫికెట్ వచ్చింది, నా పద్నాలుగు అంకెల నంబరు 2తో మొదలవుతుంది. 1తో మొదలైతే లైసెన్స్, 2తో మొదలైతే మాలాంటి చిన్నవాళ్ల రిజిస్ట్రేషన్ అని అప్పుడు తెలిసింది. ఈ చిన్న ముక్క తర్వాత భలే పనికొచ్చింది.

ల్యాబ్ టెస్టు మాత్రం గుండె జారేలా చేసింది. గుర్తింపు ఉన్న ఒక ల్యాబ్‌కు పొడి కొరియర్‌లో పంపాను. ఐదు వేల పైన అయ్యింది. రిపోర్టులో తేమ ఎక్కువ, కోలిఫామ్ ఉంది. కోలిఫామ్ అంటే మురికి నీళ్లలో, పేడలో ఉండే రకం సూక్ష్మక్రిములు. నేను రోజూ స్నానం చేసి తల చుట్టూ గుడ్డ కట్టుకుని మడిగా చేసిన పొడిలో! రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆకు కడిగే చోట కూర్చుని చూస్తే అర్థమైంది. బోరు నీళ్లు తొట్టిలోకి వస్తాయి, ఆ తొట్టి పక్కనే గేదెను కట్టేస్తాం. అది మూతి పెట్టి తాగే నీళ్లతోనే నేను ఆకు కడుగుతున్నా. ఆరబెట్టేది డాబా మీద పాత చీర పరిచి, ఎదురుగా రోడ్డు దుమ్ము.

మార్చాను. ఇప్పుడు ఆకు కోసిన గంటలోపే క్యాన్ నీళ్లలో రెండు కడుగులు, రెండోసారి ఉప్పు వేసి. నీళ్లు ఓడ్చి, దోమతెర బిగించిన చెక్క ఫ్రేముల మీద గదిలో ఫ్యాను కింద ఆరబెడతా. ఆకు చేత్తో నలిపితే గలగలమని అప్పడంలా విరగాలి. కాస్త మెత్తగా వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే, పొడి కొడితే వారానికే ముక్కిన వాసన వస్తుంది. ఎండలో పెడితే పొడి తుప్పు రంగులోకి తిరుగుతుంది, నీడన ఆరితే పచ్చగా నిలుస్తుంది. రెండోసారి రిపోర్టు బాగా వచ్చింది.

లేబుల్ కొత్తగా రాయడానికి ఇరవై రోజులు పట్టింది. నాకు మింగుడుపడనిది ఒక్కటే, తెలుగులో మాత్రమే రాస్తే చెల్లదు. ఉండాల్సిన వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి, తెలుగు కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. కొనేది కందుకూరు, సింగరాయకొండ, కావలి వాళ్లు, చదవాల్సింది వాళ్లు. కానీ నిబంధన అది. రెండు భాషలూ పట్టించాలంటే అక్షరాలు చిన్నవైపోతాయి, మరీ చిన్నవైతే అదో తప్పు. చివరికి కవరు సైజే పెంచాను.

తూకాలు కొలతల చట్టం వేరే. ప్యాక్ చేసేవాళ్లుగా అక్కడ ఇంకో రిజిస్ట్రేషన్, 500 రూపాయలు. నికర బరువు, పన్నులన్నీ కలిపిన ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. దాంతోపాటు గ్రాముకు ఎంత పడిందో కూడా. వంద గ్రాములు 120 రూపాయలు, అంటే గ్రాము రూపాయి ఇరవై పైసలు. అది చూసి మా అత్తమ్మ "గ్రాము లెక్కన అమ్మడానికి ఇదేమన్నా బంగారమా" అంది. చదరంలో పచ్చ చుక్క, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు, పోషకాల పట్టిక పెట్టాక నా స్లోగన్లకు చోటే మిగల్లేదు.

ఎవరూ అడగకుండా నేనే ఒక లైను కలిపాను: "రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వాడండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకండి." మా ఆయన ప్రూఫ్ చూసి తలపట్టుకున్నాడు. "ఉప్పు ప్యాకెట్ మీద బీపీ వస్తుందని రాసి అమ్మేవాళ్లు ఎవరన్నా ఉన్నారంటే నువ్వే" అన్నాడు. ఆ లైను అట్లాగే ఉంది.

అమ్మకాలు పడిపోయాయి, నిజం చెప్పాలి. "షుగర్‌కు చెక్" అన్నప్పుడు నెలకు అరవై ప్యాకెట్లు పోయేవి. కొత్త కవరుతో మొదటి నెల పదకొండు. అప్పుడే ఒకాయన వచ్చాడు, పొడి నా దగ్గర కిలోల్లో తీసుకుని క్యాప్సూళ్లు నింపిస్తాడట, సీసా నాలుగు వందలు, లాభంలో సగం నాకు. శాంపిల్‌గా తను అమ్మే మోకాళ్ల నొప్పుల సీసా ఒకటి చేతిలో పెట్టాడు. ఫ్లోరైడ్ నీళ్లతో ఒళ్లు నొప్పులున్న పల్లెల్లో బాగా పోతుందని గర్వంగా చెప్పాడు.

నేను సీసా తిప్పి వెనక చదివాను. ఇంతకుముందైతే ముందువైపు బొమ్మ చూసి ఊరుకునేదాన్ని. చీమ తలకాయంత అక్షరాల్లో "వైద్య అవసరాలకు కాదు" అన్న అర్థంలో ఇంగ్లీషు లైను ఉంది. అది ఉండాల్సిందే, సప్లిమెంట్ల మీద అది తప్పనిసరి. నోటితో చెప్పేది మోకాళ్ల మందు, సీసా చెప్పేది మందు కాదని. తర్వాత నంబరు చూశా. 2తో మొదలైంది. అప్పట్లో సప్లిమెంట్లు తయారు చేయాలంటే యూనిట్ చిన్నదైనా సెంట్రల్ లైసెన్స్ కావాల్సి ఉండేది, ఏడాదికి 7,500 రూపాయల ఫీజు. అంటే పచ్చళ్లు, పొడులు చేసుకునేవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరుతో క్యాప్సూళ్లు నడుస్తున్నాయి. బహుశా ఆయనకూ ఎవరో ఫ్లెక్సీ కుర్రాడు దొరికి ఉంటాడు.

సీసా ఉంచుకుని ఆలోచించి చెప్తానన్నాను. పెదనాయన చెకప్‌కు పోయినప్పుడు ఆ డాక్టరుకు చూపించా. లోపల ఏముందో చూడగానే ఎవరూ చెప్పలేరన్నాడు. కాకపోతే నాలుగు రోజుల్లో నొప్పి చేత్తో తీసేసినట్టు పోయి, నెల తిరిగేసరికి మొహం ఉబ్బి, ఉన్న షుగర్ ఇంకా పెరిగితే స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలట. అట్లాంటివాళ్లు ఉన్నట్టుండి ఆపేసినా ప్రమాదమే, డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలట.

ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో సీసా ఫోటోలు పెట్టి ఫిర్యాదు చేశాను. ఒక నంబరు వచ్చింది. కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చని చట్టంలో ఉంది, పద్నాలుగు రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. కానీ నేను కొన్నది కాదు, నా దగ్గర బిల్లు లేదు. ఆ మనిషి మళ్లీ ఫోన్ చేస్తే వద్దన్నాను. కొన్నాళ్లకు ఆ సీసాలు మా వైపు కనపడటం మానేశాయి. ఎవరైనా పట్టుకున్నారో, ఆయనే ఊరు మార్చాడో మరి.

ఇప్పుడు నెలకు నలభై ప్యాకెట్ల దాకా వచ్చాను. ఎక్కువ మంది పప్పులోకి, చపాతీ పిండిలోకి తీసుకుంటారు. ఎల్లిపాయ వేసి మునగాకు కారం కూడా మొదలుపెట్టా, అదే బాగా పోతోంది. ఫోన్ చేసిన ప్రతి ఇద్దరిలో ఒకరు షుగర్ తగ్గుతుందా అనే అడుగుతారు. ఇడ్లీలోకి బాగుంటుందని చెప్తా. కొందరు అక్కడే ఫోన్ పెట్టేస్తారు.

పెదనాయన మొన్న కారం ప్యాకెట్లు రెండు తీసుకున్నాడు. మాత్రల డబ్బా చొక్కా జేబులోనే ఉంది, తీసి చూపించాడు కూడా. కొత్త కవరు కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివాడు.

"ఏంది అమ్మాయ్, ఇంత రాసినావు, దేనికి మంచిదో ఒక్క ముక్క రాయలేదే?"

"అన్నంలోకి మంచిది పెదనాయనా."

"ఆ ముక్కన్నా పెద్ద అక్షరాలతో వేయించకూడదూ" అని, డబ్బులు తీసి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు.